గోల్డ్ మోకాలా, నల్ల మోకాలా, మామూలుదా: ఇంప్లాంట్ పూతల గురించి ఒక లేతు పనోడి లెక్క

అమ్మకి రెండు మోకాళ్ళూ అరిగిపోయినాయి, ఎక్స్‌రేలో ఎముకకీ ఎముకకీ మధ్య సందే కనపళ్ళేదు, మోకాలి కీలు మార్చే ఆపరేషన్ తప్పదని ఇద్దరు డాక్టర్లు చెప్పినాక తిరుపతిలో నాలుగు ఆస్పత్రులు తిరిగినాం. అందులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో డాక్టరు దగ్గరికి పంపకముందే కౌన్సెలింగ్ అమ్మాయి ఒక లామినేషన్ కార్డు తీసి మా ముందర పెట్టింది, అందులో ఇంప్లాంట్లవి, అంటే మోకాల్లో పెట్టే కీళ్ళవి, మూడు బొమ్మలు, ఒకటి వెండి రంగు, ఒకటి బంగారు రంగు, ఇంకోటి నల్లది, కింద రేట్లు. "అమ్మకి గోల్డ్ వేయించండి సార్, రాపిడే ఉండదు, ముప్పై ఏళ్ళు చూడబళ్ళేదు" అనింది. అమ్మ నన్ను మెల్లిగా గిల్లి "బంగారమంటే దొంగనాకొడుకులు కాలు కోసుకోని పోతారు నాయనా" అనింది, ఆ అమ్మాయి కూడా నవ్వేసింది.

నేను డాక్టర్ని కాదు, గాజులమండ్యంలో చిన్న మెషిన్ షాపు నడుపుతా. కానీ ఆ బంగారు రంగు నాకు పాత పరిచయం. మా దగ్గర డ్రిల్ బిట్లు, ట్యాపులు, ఎండ్ మిల్లులు అదే రంగులో వస్తాయి, అది బంగారం కాదు, టైటానియం నైట్రైడ్ అనే పూత, మన వన్ గ్రామ్ గోల్డ్ గాజుల్లో అయినా రవ్వంత బంగారం ఉంటుంది, దీంట్లో అదీ లేదు. ఇరవై ఏళ్ళుగా ఆ పూత ఎప్పుడు నిలబడుతుందో, ఎప్పుడు పెచ్చులూడుతుందో కళ్ళతో చూస్తా ఉండా కాబట్టి ఆ కార్డు చూడగానే నాకు వచ్చిన మొదటి ప్రశ్న "ఎంత నున్నగా ఉంటుంది" అని కాదు, "కింద లోహాన్ని ఎంత గట్టిగా పట్టుకోనుంటుంది" అని. ఆ తర్వాత రెండు నెలలు చదివినా, ముగ్గురు డాక్టర్లని విసిగించినా, ఇప్పుడు మా వీధిలో ఎవరింట్లో మోకాలి ఆపరేషన్ అన్నా నాకే ఫోన్ చేస్తాండారు కాబట్టి ఒకసారి రాసి పెడదామని.

ముందు ఒక గందరగోళం తీసేద్దాం. ఇంప్లాంట్ మీద "కోటింగ్" అంటే రెండు రకాలు, రెండూ ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం. ఎముకకి అతుక్కునే వైపు గరుగ్గా ఉండే పూత వేస్తారు, హైడ్రాక్సీఅపటైట్ అనో, టైటానియం ప్లాస్మా స్ప్రే అనో, అది ఎముక లోపలికి పెరిగి పట్టుకోవడానికి. ఇంకోటి జారే వైపు, అంటే తొడ ఎముక చివర తొడిగే లోహపు టోపీ కింద ప్లాస్టిక్ మీద జారుతుంది చూడండి, ఆ వైపు వేసే గట్టి నున్నటి పూత. ఆస్పత్రి వాళ్ళు "కోటెడ్ ఇంప్లాంట్" అన్నప్పుడు ఏ వైపు పూత అని అడగండి, మా పక్కింటాయన హైడ్రాక్సీఅపటైట్ పూతకి డబ్బు కట్టి రాపిడి తగ్గుతుందని ఏడాదిగా అందరికీ చెప్తాండాడు. ఇంక ఎముక విరిగితే వేసే ప్లేట్లు, రాడ్లు ఉంటాయే, వాటిలో జారేదేమీ లేదు, బంగారు రంగో నీలం రంగో కనిపించే టైటానియం ప్లేటు రంగు అనోడైజింగ్‌ది, అంటే కరెంటు పెట్టి తెప్పించింది, దానికీ ఈ కథకీ సంబంధం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. కార్డు మీద ఉండేది "లో ఫ్రిక్షన్" అని, మనం వినేది "అరగదు" అని. జారుడు వేరు, అరుగుదల వేరు. ఇది మోకాళ్ళ డాక్టర్లు కాదు, ఇప్పటి తుంటి కీలు మార్పిడికి ఆద్యుడైన జాన్ చార్న్‌లీ అనే ఇంగ్లండు డాక్టరు దెబ్బ తిని నేర్చుకున్న పాఠం. ఆయన 1950ల చివర్లో తుంటి గిన్నెకి టెఫ్లాన్ వాడినాడు, మన నాన్‌స్టిక్ దోసె పెనం మీద ఉండేదే, ఘన పదార్థాల్లో అంత జారుడుది దొరకడం కష్టం. జారింది బాగానే, కానీ రెండు మూడేళ్ళలో గిన్నె అరిగిపోయి, ఆ పొడికి చుట్టూ కండ వాచి, పెట్టినవి మళ్ళీ తీయాల్సి వచ్చింది. టెఫ్లాన్ ముక్కలు ఒంట్లో ఏం చేస్తాయో చూడ్డానికి ఆ మనిషి తన తొడలోనే పెట్టించుకున్నాడు, అదీ పట్టుదల. 1962లో టెఫ్లాన్ కంటే జారుడు తక్కువైన, కానీ అరుగుదలలో దానికంటే ఎన్నో రెట్లు మేలైన ఒక రకం పాలీఎథిలీన్‌కి మారినాడు, ఆ గిన్నెలో తిరిగే గోళాన్ని అప్పటికే 22.225 మిల్లీమీటర్లకి చిన్నది చేసుండాడు, ఈ రోజుకీ కీళ్ళ మార్పిడి ఆ ప్లాస్టిక్ వంశం మీదనే నడుస్తాంది. అంటే జారుడులో మొదటి ర్యాంకు వచ్చింది అరుగుదలలో ఫెయిలైంది. కాబట్టి ఎవరైనా "రాపిడి ఇంత శాతం తక్కువ" అని చెప్తే తల ఊపి, "ప్లాస్టిక్ ఎంత అరుగుతుంది, పూత ఎన్నేళ్ళు నిలిచినట్టు మనుషుల్లో చూసినారు" అని అడగాలి.

ఇంకొకటి కూడా మనసులో పెట్టుకోండి, మోకాల్లో అరిగేది మామూలుగా లోహం కాదు, ప్లాస్టిక్. లోహం మీద గీత పడితే, ఆ గీత అంచు ఆకురాయిలాగా ప్లాస్టిక్‌ని గీరుతుంది. ఇంప్లాంట్‌ని ఎముకకి అతికించే సిమెంటు రేణువో ఎముక పలుకో మధ్యలో పడినా అదే పని. గట్టి పూత వల్ల లాభం ఏమన్నా ఉందంటే ముఖ్యంగా ఇక్కడ, గీత పడనీయకుండా ఆపడంలో.

ఇంక ఒక్కొక్కదాన్నీ చూద్దాం.

వెండి రంగుది, అంటే కోబాల్ట్ క్రోమ్. ఇదే మామూలుది, ప్రపంచంలో ఎక్కువ మోకాళ్ళు ఇవే. క్రోమియం సుమారు 28 శాతం, మాలిబ్డినమ్ 6 శాతం దాకా, మిగతాది దాదాపు కోబాల్టే, నికెల్ కొసరు. పూత ఏమీ లేదు, అద్దంలాగా పాలిష్ చేసుంటుంది. పూత లేదు కాబట్టి పెచ్చులూడే భయమూ లేదు, ఇది చిన్న విషయం కాదు. లోపం ఏందంటే ఏళ్ళ తరబడి వాడితే సన్న గీతలు పడతాయి, కొంచెం కొంచెం లోహపు అయాన్లు ఒంట్లోకి వస్తాయి, నికెల్ పడని వాళ్ళకి అనుమానం. అయినా నా ఓటు దీనికే ఎందుకు పడిందో కింద చెప్తా.

బంగారు రంగుది. కోబాల్ట్ క్రోమ్ మీదనో టైటానియం మీదనో పీవీడీ అనే పద్ధతిలో వాక్యూమ్ ఛాంబర్లో టైటానియం నైట్రైడ్ పొర ఎక్కిస్తారు, మందం కొన్ని మైక్రాన్లు, మన వెంట్రుక 70 మైక్రాన్లు అనుకుంటే దాంట్లో పదో వంతుకి అటూ ఇటూ. గట్టితనం కోబాల్ట్ క్రోమ్ కంటే ఐదారు రెట్లు. చదివితే భలే అనిపిస్తుంది. కానీ షాపులో నేను చూసింది చెప్తా. మంచి కార్బైడ్ టూల్ మీద ఈ పూత ఉంటే చచ్చేదాకా ఉంటుంది, అదే పూత మెత్తటి స్టీలు టూల్ మీద వేసి గట్టిగా నొక్కితే కింద లోహం కుంగుతుంది, పైన పూత కుంగలేదు, పగులుతుంది. ఎలాగంటే పరుపు మీద గాజు పలక పెట్టి ఎక్కి నిలబడినట్టు. ఆ పగిలిన పెంకు ఎక్కడికీ పోదు, జారే చోటే పడుతుంది, తానే ఆకురాయి అవుతుంది. టైటానియం ఇలాంటి మెత్తటి కిందోడే, అందుకే పాత రోజుల్లో టైటానియం తుంటి గోళాల మీద వేసిన ఈ పూత కొన్నిట్లో ఊడినట్టు బయటికి తీసినప్పుడు కనిపించింది. కోబాల్ట్ క్రోమ్ మీద వేసింది దానికంటే నయం. ఇంకో తిప్పలు కూడా ఉంది, ఆర్క్ పద్ధతిలో పూత వేస్తే కరిగిన లోహపు చుక్కలు అక్కడక్కడా పడి బుడిపెలు వస్తాయి, అవి ఊడిన చోట సూది బెజ్జాలు పడతాయి, వేలితో తడిమితే తెలీదు, మైక్రోస్కోపులో తెలుస్తుంది, కాబట్టి పూత వేసినాక మళ్ళీ పాలిష్ చేసినారా లేదా అనేది పూత ఎంత ముఖ్యమో అంత ముఖ్యం. ఇదంతా దాటి మంచి కంపెనీది తెచ్చుకున్నా, మనుషుల్లో పోల్చి చూసిన చోట్ల గోల్డ్ మోకాళ్ళు మామూలు వాటితో సమానంగా నడిచినాయి గానీ, స్పష్టంగా ఎక్కువ కాలం వచ్చినట్టు తేలలేదు. ఆ అమ్మాయి ముప్పై ఏళ్ళు అని ఏ ధైర్యంతో చెప్పిందో.

ఇదే కుటుంబంలో ఇంకోటి ఉంది, జిర్కోనియం నైట్రైడ్, లేత బంగారు రంగు, అదీ ఒకటే పొర కాకుండా ఏడు పొరలుగా. అడుగున లోహాన్ని పట్టుకునే క్రోమియం పొర, మధ్యలో ఐదు క్రోమియం నైట్రైడ్ రకాల పొరలు, పైన గట్టిది. మొత్తం కలిపినా ఐదు మైక్రాన్లకి అటో ఇటో. షాపోడిగా నాకు ఈ ఆలోచన నచ్చింది, మెత్తది నుంచి గట్టిదానికి ఒకేసారి దూకకుండా మెట్లు మెట్లుగా పోతాంది కాబట్టి పగిలే అవకాశం తక్కువ. మెషిన్ మీద పరీక్షల్లో లోహపు అయాన్లు బయటికి రావడం బాగా తగ్గింది. నికెల్ పడని వాళ్ళకని ముఖ్యంగా అమ్ముతారు.

నల్లది. దీన్ని కోటింగ్ అంటాండారు గానీ కోటింగ్ కాదు, అక్కడే దాని గొప్ప ఉంది. ఆక్సీనియం అనే పేరుతో ఒక కంపెనీ చేస్తుంది. జిర్కోనియంలో రెండున్నర శాతం నయోబియం కలిపిన లోహాన్ని చేసి, గాలిలో 500 డిగ్రీల దగ్గర కాలిస్తే పైన ఐదు మైక్రాన్ల మందం అదే నల్లటి సిరామిక్‌గా మారిపోతుంది. ఇత్తడి గిన్నెకి కళాయి పూసేది వేరు, కొలిమిలో కాల్చిన ఉలి మొన నీలంగా తిరిగేది వేరు, మొదటిది పైన వేసింది, రెండోది ఆ ఉలి తనే మారింది. కళాయి ఊడుతుంది, నీలం ఊడదు, గీరాలి. నల్ల మోకాలు ఈ రెండో రకం. 1997 నుంచి మోకాళ్ళలో వాడతాండారు, నికెల్ దాదాపు లేనట్టే, బరువు కూడా కోబాల్ట్ క్రోమ్ కంటే తక్కువ. లోపం: పైపొర గట్టిదే, లోపలి లోహం మెత్తది. తుంటిలో గోళం గిన్నె నుంచి జారి బయటికొచ్చి లోహపు అంచుకి గుద్దుకుంటే ఆ పొర దాటి గాయం పడుతుంది, అట్లాంటివి తీసి చూస్తే గోళం చెక్కుకుపోయి ఉంటుంది. మోకాల్లో ఆ సమస్య తక్కువ. మరి ఎక్కువ కాలం వస్తుందా అంటే, ఆస్ట్రేలియా వాళ్ళు దేశంలో ప్రతి కీలు మార్పిడినీ రిజిస్ట్రీలో రాస్తారు, అందులో ఒకే డిజైన్ మోకాలిని నల్లదీ వెండిదీ పన్నెండేళ్ళు పోల్చి చూసినారు, నల్లది వేసుకున్నోళ్ళకి మళ్ళీ ఆపరేషన్లు తగ్గినట్టు తేలలేదు. ఇది చదివిన రోజు నేను ఆ ఆస్పత్రి కార్డు ఫోటో మళ్ళీ తీసి చూసుకున్నా.

డైమండ్ పేరుతో ఎవరన్నా చెప్తే మాత్రం జాగ్రత్త. డీఎల్‌సీ, అంటే వజ్రంలాంటి కార్బన్ పూత. గట్టి పూతల్లో జారుడుకి దీని తర్వాతే ఏదైనా, బైకుల ఇంజన్ పార్టుల మీద, ఖరీదైన ఫోర్క్ గొట్టాల మీద నల్లగా మెరిసేది ఇదే, అక్కడ అద్భుతంగా పని చేస్తుంది, ఎందుకంటే నూనె ఉంటుంది, పాడైతే మార్చేస్తాం. 1990లలో ఐరోపాలో టైటానియం తుంటి గోళాల మీద ఇది వేసి మనుషులకి పెట్టినారు. మొదటి ఏడాది ఏడాదిన్నర సిరామిక్‌తో సమానంగా కనిపించింది, ఆ తర్వాత పూత చుక్కలు చుక్కలుగా లేవడం మొదలై, ఎనిమిదిన్నర ఏళ్ళకి దాదాపు సగం మందికి మళ్ళీ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. పూత చెడిందని కాదు, ఇలాంటి పూతల్లో పూతకీ లోహానికీ మధ్య జిగురుగా వేసే సన్న పొరని ఒంట్లోని ఉప్పు నీళ్ళు మెల్లిగా తినేస్తాయి. గోడకి ఎంత మంచి పెయింటేసినా లోపల చెమ్మ ఉంటే పెచ్చులూడుతుంది కదా, అదే కథ. ల్యాబు మెషిన్లో ఆ చెమ్మ కాలం చూపించడం కష్టం. మెషిన్లో పది లక్షల తిప్పులు అంటే సుమారు ఒక ఏడాది నడక అని లెక్క, యాభై లక్షల తిప్పులు రెండు మూడు నెలల్లో తిప్పేయొచ్చు, కానీ ఐదేళ్ళ ఉప్పు నీళ్ళని రెండు నెలల్లో కుదించలేం. అందుకే "సిమ్యులేటర్లో ప్రూవ్ అయింది" అనే మాటకి నా దగ్గర సగం మార్కులే.

తుంటి మార్చుకునే వాళ్ళకి దారి కొంచెం వేరు, పొడుగు లేకుండా చెప్తా: వయసు తక్కువైతే గులాబీ రంగులో వచ్చే సిరామిక్ గోళం, దానికి క్రాస్‌లింక్డ్ పాలీఎథిలీన్ అనే గట్టి చేసిన ప్లాస్టిక్ గిన్నె, ఈ జోడీ మీద డాక్టర్లకి నమ్మకం ఎక్కువ, పూత గొడవే లేదు ఎందుకంటే గోళం మొత్తం సిరామిక్కే.

ఇప్పుడు ప్లాస్టిక్ సంగతి. దీని గురించి ఏ కార్డు మీదా బొమ్మ ఉండదు. నిజానికి అరిగేది ఇదే కాబట్టి నేనైతే పూత కంటే దీని గురించి ఎక్కువ అడగమంటా. పాత రోజుల్లో గాలి తగిలేలా ప్యాక్ చేసి గామా కిరణాలతో శుద్ధి చేసేవాళ్ళు, దాంతో ప్లాస్టిక్ ఆక్సీకరణ అయి పెళుసు బారేది, ఇప్పుడు గాలి లేకుండా ప్యాక్ చేస్తారు. క్రాస్‌లింక్డ్ అంటే లోపలి గొలుసుల్ని ముళ్ళేసి గట్టి చేసింది, విటమిన్ ఇ కలిపింది అంటే ఆక్సీకరణని ఆపడానికి. తుంటిలో క్రాస్‌లింక్డ్ లాభం చాలా స్పష్టంగా కనిపించింది, మోకాల్లో అంత స్పష్టంగా లేదు. అయినా పది వేలు ఎక్కువ పెట్టాల్సి వస్తే నేను పూతకి కాదు, ప్లాస్టిక్‌కి పెడతా.

ఇంక డబ్బు. 2017 ఆగస్టులో కేంద్రంలో మందుల ధరలు చూసే ఎన్‌పీపీఏ అనే సంస్థ మోకాలి ఇంప్లాంట్లకి గరిష్ఠ ధర పెట్టింది: కోబాల్ట్ క్రోమ్ మొత్తం సెట్ 54,720 రూపాయలు, టైటానియం, ఆక్సిడైజ్డ్ జిర్కోనియం లాంటి ప్రత్యేక లోహాలది 76,600, మోకాలు ఎక్కువ వంగే హై ఫ్లెక్స్ రకం 56,490, జీఎస్టీ వేరే. అంతకు ముందు కోబాల్ట్ క్రోమే లక్షన్నర పైన ఉండేది. ఆ తర్వాత అంకెలు సవరిస్తూ వచ్చినారు కాబట్టి మీరు పోయే నాటికి ఎంతుందో ఎన్‌పీపీఏ సైట్లో చూసుకోని పొండి. బిల్లులో ఇంప్లాంట్ ధర, బ్రాండు, బ్యాచ్ నంబరు విడిగా రాయాల్సిందే, ప్యాకేజీ అని ఒకే అంకెలో కలిపేస్తే ఒప్పుకోవద్దు. మేం ఆ గోల్డ్ కార్డు ఆస్పత్రిలో అడిగితే "ప్యాకేజీలో వస్తుంది సార్" అని మూడు సార్లు అదే మాట చెప్పినారు, నాలుగోసారి నేను అడగలేదు, లేచి వచ్చేసినాం. ఖర్చు భారం అనుకునేవాళ్ళు అలిపిరి దోవలో టీటీడీ బర్డ్ ఆస్పత్రికి ముందు పోయి చూడండి, క్యూ ఉంటుంది, ఓపిక కావాలి, కానీ ఎముకల పని అక్కడ రోజూ చేసే పని.

ఎవరికి ఏది అంటారా. అరవై దాటి, నికెల్ గొడవ లేకుండా, మామూలుగా ఇంట్లో వీధిలో తిరిగే మనిషికి, పదిహేనేళ్ళ పైన రికార్డున్న డిజైన్‌లో కోబాల్ట్ క్రోమ్ చాలు. ఇంగ్లండు వాళ్ళ ఓడెప్ రేటింగ్ అని ఉంటుంది, 10 ఏ, 13 ఏ, 15 ఏ అని, ఆ అంకె ఎన్నేళ్ళ రికార్డో చెప్తుంది, డాక్టర్ని ఆ పేరు పెట్టి అడిగితే ఆయన మిమ్మల్ని చూసే చూపే మారిపోతుంది. 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం మొత్తం మోకాలి మార్పిడుల్లో సుమారు 82 శాతం 25 ఏళ్ళు నిలుస్తాయి, అందులో ఎక్కువ శాతం ఈ వెండి రంగువే. చెడినవి కూడా ఎక్కువగా ఇన్ఫెక్షన్, వదులు కావడం, సరిగ్గా కూర్చోకపోవడం వల్లనే గానీ పైపూత లేక కాదు. అంటే చెయ్యి ముఖ్యం, వారానికి ఎన్ని మోకాళ్ళు చేస్తాడో చూసి డాక్టర్ని ఎంచుకోవడం పూత ఎంచుకోవడం కంటే పెద్ద నిర్ణయం.

మరి పూతలు దండగేనా అంటే కాదు. చిత్తూరులో మా పిన్ని ఉంది, అమ్మ చెల్లెలు, ఆమెకి గిల్టు కమ్మలు పెట్టుకుంటే రెండో రోజుకే చెవి రసి కారుతుంది, వాచీ పట్టీ బకిల్ తగిలిన చోట దద్దు. చర్మానికి పడనోళ్ళందరికీ మోకాల్లో కూడా తేడా చేస్తుందని రుజువు కాలేదు, డాక్టర్లలోనే దీని మీద రెండు మాటలున్నాయి, కానీ ఒకసారి పెట్టినాక తీసి మార్చేది కమ్మ కాదు కదా. ఆమెకి నేను నల్లదో ఏడు పొరలదో అన్నా, ఒక షరతుతో: తొడ వైపుది ఒక్కటే కాదు, కింద కాలి ఎముక మీద ప్లాస్టిక్‌ని మోసే లోహపు పళ్ళెం కూడా టైటానియమో పూత వేసిందో ఉండాలి, పూతదైతే ఎముక వైపు కూడా పూత ఉండాలి. పైన పూత వేసి కింద మామూలు కోబాల్ట్ క్రోమ్ పళ్ళెం పెడితే ఆ ఖర్చుకి అర్థం లేదు. పిన్నికి నల్లది వేసినారు, ఇద్దరం కలిసి స్టిక్కర్ చూసి పళ్ళెం సంగతి ఖాయం చేసుకున్నాం.

అమ్మకి వెండి రంగుదే. ఆపరేషన్ అయినాక ఇంప్లాంట్ పెట్టె మీది స్టిక్కర్లు ఒక సెట్ కేసు షీటులో అతికించి, ఒక సెట్ మన చేతికిస్తారు, ఇవ్వకపోతే అడిగి తీసుకోండి, తొడ ముక్క, పళ్ళెం, ప్లాస్టిక్ మూడింటికీ విడివిడిగా ఉంటాయి, లాట్ నంబర్లతో. నేను వాటిని అమ్మ రేషన్ కార్డు జెరాక్స్ వెనక అతికించి ఫోటో కూడా తీసి పెట్టుకున్నా. డాక్టరు ఆమెకి నడక చెప్పినాడు, గొంతుక్కూర్చోవద్దన్నాడు. అలిపిరి 3,550 మెట్లు ఎక్కొచ్చా అని ఆమె అడిగింది, ఆయన బస్సులో పొమ్మన్నాడు. ఆమె విన్నట్టే తల ఊపి, బయటికొచ్చినాక ఆటోలో, "మోకాళ్ళ పర్వతం దాకా అయినా పోనీడా" అంటా ఉంది, వచ్చే చెకప్‌లో మళ్ళీ అడుగుతుందంట.